నెట్‌వర్కు ఆధారిత సంయుక్త సైనిక కార్యకలాపాలు

నెట్‌వర్కు ఆధారిత సంయుక్త సైనిక కార్యకలాపాలు అనగా భూసేన, నౌకాదళము, వాయుసేన మొదలైన వేర్వేరు దళాలు ఒకే సమాచార వలయముతో కలుపబడి, ఒకరు చూచినది మిగిలినవారు కూడా దాదాపు అదే క్షణమున చూడగలుగునట్లు ఏర్పాటు చేసుకొని, కలసి జరిపే కార్యకలాపాలు. యుద్ధముతో పాటు తుఫాను, వరద, సునామీ వంటి విపత్తులలో జరిగే సహాయ కార్యక్రమాలు, తీరప్రాంత రక్షణ కూడా దీని పరిధిలోకి వస్తాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో విశాఖపట్నము, కాకినాడ తీరములు ఇటువంటి విన్యాసాలకు ముఖ్య వేదికలుగా ఉన్నవి. గోదావరి పాయల నడుమ, బంగాళాఖాతము అంచున ఉన్న కోనసీమకు ఈ విషయముతో దగ్గర సంబంధము కలదు.

నిర్వచనము

సంయుక్త కార్యకలాపము అనే మాటకు ఒకటి కంటే ఎక్కువ సాయుధ దళాలు ఒకే లక్ష్యము కొరకు, ఒకే ప్రణాళిక ప్రకారము పనిచేయుట అని అర్థము. మూడు దళాలు పాల్గొన్నచో దానిని త్రివిధ దళాల కార్యకలాపము అంటారు. ఇతర దేశాల సేనలు కూడా చేరినచో అది బహుళజాతి కార్యకలాపము అగును.

దళాలు కలసి పోరాడుట కొత్త విషయము కాదు. కాని పూర్వము ప్రతి దళమునకు తన తీగలు, తన రేడియోలు, తన సంకేతలిపి, తన పటములు ఉండేవి. ఒక దళము సేకరించిన సమాచారము పై అధికారుల మెట్లెక్కి, రెండవ దళపు మెట్లు దిగి, అవసరమైన వానికి చేరుటకు గంటలు, కొన్నిసార్లు రోజులు పట్టేది. నెట్‌వర్కు పద్ధతిలో ఈ మెట్లు తగ్గి సమాచారము అడ్డముగా, అనగా ఒక యూనిట్ నుండి పక్క యూనిట్‌కు నేరుగా ప్రవహిస్తుంది. ముఖ్యమైన తేడా ఇదే.

చరిత్ర

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నము, కాకినాడల మీద బాంబులు వేసినవి. అదే రోజులలో బంగాళాఖాతములో పెక్కు వర్తక నౌకలు ముంచివేయబడినవి. సముద్రము మీద శత్రువు ఎక్కడ ఉన్నదీ తెలిపే చూపు, తెలిసినది అందరికీ చేర్చే వ్యవస్థ తగినంతగా లేకపోవుట వలన కలిగే నష్టమును ఈ తీరము ఆనాడే చవిచూచినది.

1971 యుద్ధములో సమాచారము మరొక విధముగా ఉపయోగపడినది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ భారత విమానవాహక నౌక విక్రాంత్‌ను వెదకుచు బంగాళాఖాతములోనికి వచ్చినది. అప్పటికి విక్రాంత్ అండమాన్ వైపునకు తరలింపబడి ఉన్నది. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్ ఆధ్వర్యములో, విక్రాంత్ విశాఖ దగ్గరే ఉన్నదని భ్రమ కలుగునట్లు రాజ్‌పుత్ అను నౌక నుండి రేడియో సందేశాలు పంపబడినవి. డిసెంబర్ 3-4 తేదీల నడిమి రాత్రి ఘాజీ విశాఖ తీరమునకు చేరువలో మునిగిపోయినది. మునుగుటకు కారణముపై రెండు దేశాల కథనాలు వేర్వేరుగా ఉన్నవి. సందేశము ఎంత ఉపయోగకరమో, దానిని ఇతరులు విన్నచో అంత ప్రమాదకరమని కూడా ఈ సంఘటన తెలుపుతుంది.

1998 జనవరిలో అమెరికా నౌకాదళానికి చెందిన ఆర్థర్ సెబ్రోవ్‌స్కీ, జాన్ గార్‌స్ట్కా కలసి వ్రాసిన వ్యాసము వలన నెట్‌వర్కు కేంద్రిత యుద్ధము అనే భావన బాగా ప్రచారములోనికి వచ్చినది. బలగాలు పటిష్ఠముగా అనుసంధానమైతే సమాచార పంపకము పెరుగుతుంది. దాని వలన పరిస్థితిపై అందరికీ ఒకే అవగాహన ఏర్పడుతుంది. ఆ అవగాహనతో యూనిట్లు ప్రతి చిన్న విషయానికి ఆజ్ఞ కొరకు ఎదురుచూడకుండ తమలో తాము సమన్వయము చేసుకొంటాయి. తత్ఫలితముగా కార్యసాధన మెరుగవుతుంది అన్నది దాని సారాంశము.

భారతదేశములో 1999 కార్గిల్ యుద్ధము ఒక మలుపు. కె.సుబ్రహ్మణ్యం అధ్యక్షతన ఏర్పడిన కార్గిల్ సమీక్షా సంఘము వివిధ సంస్థల మధ్య సమాచార పంపకములో ఉన్న లోపాలను ఎత్తిచూపినది. దాని తరువాత 2001లో సమగ్ర రక్షణ సిబ్బంది ప్రధాన కార్యాలయము, అదే సంవత్సరము దేశపు మొదటి త్రివిధ దళాల కమాండ్ అయిన అండమాన్ నికోబార్ కమాండ్ ఏర్పడినవి. 2020 జనవరి 1న జనరల్ బిపిన్ రావత్ మొదటి త్రివిధ దళాధిపతిగా బాధ్యతలు స్వీకరించినారు. 2023లో పార్లమెంటు ఆమోదించిన అంతర్ దళ సంస్థల చట్టము 2024 మే 10 నుండి అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము సంయుక్త సంస్థ అధిపతికి, తన కింద పనిచేసే ఇతర దళాల సిబ్బందిపై కూడా క్రమశిక్షణాధికారము లభించినది.

పనిచేసే విధానము

ఈ వ్యవస్థను సులభముగా అర్థము చేసుకొనుటకు నాలుగు భాగాలుగా చూడవచ్చును.

1. చూచేవి: రేడార్లు, గస్తీ విమానాలు, డ్రోన్లు, ఉపగ్రహాలు, జలాంతర్గాముల జాడ తీసే సోనార్లు, తీరము మీది కెమెరాలు.

2. మోసేవి: ఆప్టికల్ ఫైబర్ తీగలు, ఉపగ్రహ మార్గాలు, రేడియోలు, డేటా లింకులు. డేటా లింకు మాటలను కాక అంకెలను పంపుతుంది. ఒక విమానపు స్థానము, ఎత్తు, వేగము, అది మనదా పరులదా అన్న వివరము ఇందులో ఎవరూ నోటితో చెప్పకుండగనే చేరుతాయి.

3. కలిపేవి: వేర్వేరు చోట్ల నుండి వచ్చిన సమాచారమును ఒకే పటము మీద అమర్చే కంప్యూటర్లు, కేంద్రాలు. ఒకే నౌకను రెండు రేడార్లు చూచినప్పుడు పటము మీద రెండు నౌకలుగా కాక ఒకటిగానే చూపుట వీటి పని. ఇట్లు తయారైన పటమును ఉమ్మడి కార్యక్షేత్ర చిత్రము అనవచ్చును.

4. చేసేవి: ఆ చిత్రమును చూచి నిర్ణయము తీసుకొనే అధికారులు, దానిని అమలుచేసే నౌకలు, విమానాలు, సైనికులు.

వినుటకు ఇది తేలికగా ఉన్నప్పటికీ ఆచరణలో చిక్కులు చిన్న విషయాల దగ్గరే మొదలవుతాయి. ఉదాహరణకు నావికుడు ఒక స్థలమును అక్షాంశ రేఖాంశాలతో చెబుతాడు, దూరమును నాటికల్ మైళ్ళలో కొలుస్తాడు. భూసేన అధికారి అదే స్థలమును పటము మీది గడుల సంఖ్యతో చెబుతాడు, దూరమును కిలోమీటర్లలో కొలుస్తాడు. వైమానికుడు ఎత్తును అడుగులలో చెబుతాడు. పాత పటములు ఎవరెస్ట్ గోళాభము ఆధారముగా, నేటి ఉపగ్రహ స్థాననిర్ణయము డబ్ల్యూజీఎస్-84 ఆధారముగా ఉండుట వలన ఒకే అంకె రెండు పటములలో రెండు చోట్లను చూపవచ్చును. కాలము విషయములో కూడా ఒకరు భారత కాలమానము, మరొకరు దానికి ఐదున్నర గంటలు వెనుక ఉండే సార్వత్రిక కాలమానము వాడినచో నిర్ణయించిన వేళ తప్పిపోతుంది. కనుక తీగలు కలుపుటకు ముందు కొలతలు, మాటలు, వేళలు కలుపవలసి యుండును.

మనవారిని గుర్తించుట

సమాచారము సకాలములో పంచుకొనక పోయినచో జరిగే ఘోరమైన నష్టము, తన వారి మీదనే కాల్పులు జరుపుట. 1994 ఏప్రిల్ 14న ఉత్తర ఇరాక్‌లో అమెరికా యుద్ధవిమానాలు తమ దేశపు భూసేనకే చెందిన రెండు హెలికాప్టర్లను కూల్చివేయగా 26 మంది మరణించినారు. భారతదేశములో 2019 ఫిబ్రవరి 27న శ్రీనగర్ సమీపమున బడ్గామ్ వద్ద వాయుసేన హెలికాప్టరు స్వపక్ష క్షిపణి తగిలి కూలినది. అందులోని ఆరుగురు వాయుసేన సిబ్బంది, నేల మీద ఒక పౌరుడు మరణించినారు. అది పెద్ద పొరపాటని అదే సంవత్సరము అక్టోబరులో వాయుసేనాధిపతి బహిరంగముగా అంగీకరించినారు. ఆకాశములోని ప్రతి చుక్క ఎవరిదో, దానిని చూస్తున్న ప్రతివానికీ తెలియుట అన్నది ప్రాణాలకు సంబంధించిన విషయము.

భారతదేశములోని ప్రధాన వ్యవస్థలు

వాయుసేన నెట్‌వర్కు: ఆఫ్‌నెట్ అని పిలువబడే ఈ ఫైబర్ ఆధారిత వలయము 2010 సెప్టెంబర్ 14న ప్రారంభమైనది. దీని మీద ఆధారపడి సమగ్ర వైమానిక నియంత్రణ వ్యవస్థ పనిచేస్తుంది. వాయుసేన రేడార్లతో పాటు ఇతర రేడార్ల సమాచారము కూడా ఇందులో ఒకే చిత్రముగా కూర్చబడుతుంది.

ఆకాశ్‌తీర్: భూసేన గగనతల రక్షణ విభాగము కొరకు భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తయారుచేసిన వ్యవస్థ. దీని ఒప్పందము 2023 మార్చిలో జరిగినది. ఇది వాయుసేన వ్యవస్థతో అనుసంధానమై ఉంటుంది. 2025 మే నెలలో జరిగిన ఆపరేషన్ సిందూర్ సమయమున డ్రోన్లను, క్షిపణులను ఎదుర్కొనుటలో ఈ అనుసంధానము ఉపయోగపడినదని భారత ప్రభుత్వము ప్రకటించినది.

రక్షణ సమాచార నెట్‌వర్కు: మూడు దళాలను ఒకే సురక్షిత మార్గముతో కలుపుటకు ఉద్దేశించిన ఈ వలయము 2016లో ప్రారంభింపబడినది.

ఉపగ్రహాలు: నౌకాదళము కొరకు తయారైన జీశాట్-7 ఉపగ్రహము, దీనికే రుక్మిణి అని పేరు, 2013 ఆగస్టు 30న ఫ్రెంచ్ గయానా నుండి ప్రయోగింపబడినది. 2014లో జరిగిన నౌకా విన్యాసములో దీని ద్వారా సుమారు 60 నౌకలు, 75 విమానాలు అనుసంధానమైనవి. వాయుసేనకు ఉద్దేశించిన జీశాట్-7ఏ 2018 డిసెంబర్ 19న శ్రీహరికోట నుండి ప్రయోగింపబడినది. నౌకాదళము కొరకు 4,410 కిలోల బరువుగల సీఎంఎస్-03 ఉపగ్రహము 2025 నవంబర్ 2న శ్రీహరికోట నుండే ఎల్‌వీఎం-3 వాహనము ద్వారా కక్ష్యలో ప్రవేశపెట్టబడినది.

తీర నిఘా: 2008 నవంబరులో ముంబై దాడులకు వచ్చినవారు సముద్ర మార్గమున ప్రవేశించుటతో తీర నిఘాలో ఉన్న ఖాళీలు బయటపడినవి. ఆ తరువాత తీరము వెంట రేడార్ల వరుస ఏర్పాటైనది. మొదటి దశలో 46 కేంద్రాలు నిర్మింపబడినవి. నౌకాదళ, తీర రక్షక దళ కేంద్రాలను కలుపుచు 2014 నవంబర్ 23న గురుగ్రామ్‌లో సమాచార నిర్వహణ, విశ్లేషణ కేంద్రము ప్రారంభమైనది. ఇతర దేశాలతో నౌకల రాకపోకల సమాచారము పంచుకొనుటకు 2018 డిసెంబరులో అక్కడే హిందూ మహాసముద్ర సమాచార సమ్మేళన కేంద్రము ఏర్పడినది.

కాకినాడ తీరములో విన్యాసాలు

కోనసీమకు ఈశాన్యముగా, గౌతమి పాయకు ఆవల కాకినాడ తీరము ఉన్నది. ఇక్కడ నౌకాదళ ప్రాంగణము కలదు. ఉభయచర విన్యాసాలు, అనగా నౌకల నుండి సైనికులను, వాహనాలను ఒడ్డుకు దింపే విన్యాసాలు, ఈ తీరములో జరుగుతున్నవి.

టైగర్ ట్రయంఫ్ 2019: భారత, అమెరికా దేశాల మధ్య మూడు దళాలతో జరిగిన మొదటి విన్యాసము ఇది. 2019 నవంబర్ 13 నుండి 21 వరకు విశాఖపట్నము, కాకినాడలలో జరిగినది. భారతదేశము తరపున జలాశ్వ, ఐరావత్, సంధాయక్ నౌకలు, భూసేన దళాలు, వాయుసేన హెలికాప్టర్లు, సత్వర వైద్య బృందము పాల్గొన్నవి. అమెరికా తరపున జర్మన్‌టౌన్ అను నౌక, మెరైన్ సైనికులు వచ్చినారు. ఊహాజనితమైన విపత్తు బాధితులకు సహాయము అందించుట దీని ఇతివృత్తము. కాకినాడ ఒడ్డున సంయుక్త నియంత్రణ కేంద్రము, సహాయ శిబిరము, క్షేత్ర ఆసుపత్రి ఏర్పాటు చేయబడినవి.

ఆంఫెక్స్ 2023: రెండు సంవత్సరాలకు ఒకసారి జరిగే భారత త్రివిధ దళాల ఉభయచర విన్యాసము. 2023 జనవరి 17 నుండి 22 వరకు జరిగిన ఈ విన్యాసమునకు కాకినాడ మొదటిసారి వేదిక అయినది. భూసేన నుండి 900 మందికి పైగా సైనికులు, నౌకాదళపు పెద్ద దింపుడు నౌకలు, మెరైన్ కమాండోలు, వాయుసేన జాగ్వార్ యుద్ధవిమానాలు, సి-130 రవాణా విమానాలు పాల్గొన్నవి.

టైగర్ ట్రయంఫ్ 2024, 2025: 2024 మార్చి 18 నుండి 31 వరకు, 2025 ఏప్రిల్ 1 నుండి 13 వరకు ఈ విన్యాసాలు మరల జరిగినవి. రెండు పర్యాయములును మొదటి భాగము విశాఖ రేవులో, తరువాతి భాగము కాకినాడ తీరములో జరిగినది. 2025 విన్యాసములో ఇరుదేశాల ఉమ్మడి సమన్వయ కేంద్రమును నెలకొల్పుటకు అవసరమైన పద్ధతులను ఖరారు చేయుట ఒక ప్రధానోద్దేశము.

ఇసుక ఒడ్డున సైనికులు దిగే సమయములో నెట్‌వర్కు అవసరము స్పష్టముగా కనబడుతుంది. దింపుడు పడవ నౌకాదళము ఆధీనములో ఉంటుంది. అందులోని సైనికుడు ఒడ్డున కాలు మోపిన మరుక్షణము భూసేన ఆధీనములోనికి వెళ్తాడు. పైన ఎగిరే విమానము వాయుసేనది. నీటికి, నేలకు, గాలికి మధ్యనున్న ఆ కొద్ది మీటర్ల మేర మూడు దళాల ఆజ్ఞలు కలుసుకొంటాయి. అలల తీరు మారి పడవలు అరగంట ఆలస్యమైతే ఆ సంగతి విమానానికి తెలియవలెను. లేనిచో ఖాళీ ఒడ్డునకు రక్షణగా తిరిగి, సైనికులు దిగే వేళకు ఇంధనము చాలక వెనుదిరుగవచ్చును. 2025 ఆగస్టులో భారత ప్రభుత్వము ఉభయచర కార్యకలాపాల సంయుక్త సిద్ధాంతమును, సైబర్ కార్యకలాపాల సంయుక్త సిద్ధాంతమును బహిరంగపరచినది.

అమెరికాతో సమాచారము పంచుకొనుటకు 2018 సెప్టెంబర్ 6న కామ్‌కాసా అను ఒప్పందము, భౌగోళిక సమాచారము విషయమై 2020 అక్టోబర్ 27న బెకా అను ఒప్పందము కుదిరినవి. మొదటి దాని వలన సి-130జె, పి-8ఐ వంటి అమెరికా తయారీ విమానాలలో ఆ దేశపు గూఢలిపి పరికరాలను అమర్చుటకు వీలైనది.

కోనసీమతో సంబంధము

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములతో కూడిన కోనసీమ, గౌతమి, వశిష్ఠ పాయల నడుమ ఉన్న డెల్టా భూమి. వైనతేయ పాయ దీని మధ్యగా ప్రవహిస్తుంది. 2022 ఏప్రిల్ 4న అమలాపురము కేంద్రముగా ప్రత్యేక జిల్లా ఏర్పడినది. ఇక్కడ సైనిక స్థావరము ప్రధానము కాదు. అయినప్పటికీ మూడు కారణాల వలన సంయుక్త సమాచార వ్యవస్థలు ఈ ప్రాంత ప్రజల జీవితమును తాకుతున్నవి.

తుఫానులు, వరదలు: 1996 నవంబర్ 6 రాత్రి కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన పెనుతుఫాను కోనసీమను తీవ్రముగా దెబ్బతీసినది. వెయ్యి మందికి పైగా మరణించినారు లేక గల్లంతైనారు. వారిలో అధికులు వేటకు వెళ్ళిన మత్స్యకారులు. కొబ్బరితోటలు విస్తారముగా నేలకూలినవి. తుఫాను స్వల్పకాలములోనే తీవ్రరూపము దాల్చినది. అప్పటికే సముద్రము మీద ఉన్న పడవలకు హెచ్చరికను చేర్చే సాధనము లేదు. ఒడ్డున తెలిసిన సంగతి నీటి మీదివానికి చేరకపోవుట ఆనాటి ప్రాణనష్టమునకు ముఖ్యకారణాలలో ఒకటి.

2004 డిసెంబర్ 26 నాటి సునామీలో కూడా ఇదే లోపము కనబడినది. కార్ నికోబార్ వైమానిక స్థావరమును నీరు ముంచెత్తుచున్నదన్న సందేశము ఆ ఉదయమే వాయుసేనకు అందినది. కాని ఒక దళమునకు తెలిసినది తీరగ్రామాలకు హెచ్చరికగా మారే మార్గము అప్పటికి లేదు. తరువాతి సహాయ కార్యక్రమాలలో ఆంధ్ర, తమిళనాడు తీరములలో ఆపరేషన్ మదద్, అండమాన్‌లో సీ వేవ్స్, శ్రీలంకలో రెయిన్‌బో, మాల్దీవులలో కాస్టర్, ఇండోనేషియాలో గంభీర్ అను పేర్లతో ఏకకాలమున కార్యకలాపాలు జరిగినవి. 2007 అక్టోబరులో హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రములో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రము ప్రారంభమైనది.

గోదావరి వరదలలో లంక గ్రామాలు జలదిగ్బంధములో చిక్కుకొనుట పరిపాటి. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా, 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహము నమోదైనది. ఇటువంటి వేళ జాతీయ విపత్తు స్పందన దళము పడవలు, సైనిక హెలికాప్టర్లు, జిల్లా అధికారులు ఒకే జాబితా చూడవలసి యుండును. లేనిచో ఒకే లంకకు రెండు పడవలు పోయి, మరొక లంకకు ఏదియు పోకపోవచ్చును. 2025 అక్టోబర్ 28 రాత్రి నరసాపురము సమీపమున తీరము దాటిన మొంథా తుఫాను కోనసీమ మీదుగానే పోయినది. ఈ కాలమునకు ఉపగ్రహ చిత్రాలు, డాప్లర్ రేడార్లు, సెల్‌ఫోన్లకు నేరుగా వచ్చే హెచ్చరికలు వాడుకలోనికి వచ్చి ఉన్నవి.

చమురు, సహజవాయువు: కృష్ణా-గోదావరి బేసిన్ క్షేత్రాలు కొన్ని ఈ తీరమునకు ఎదురుగా సముద్రములో ఉన్నవి. అల్లవరము మండలములోని ఓడలరేవు వద్ద ఓఎన్‌జీసీ తీర కేంద్రము కలదు. లోతు సముద్ర క్షేత్రము నుండి 2024 జనవరి 7న చమురు ఉత్పత్తి మొదలైనది. వీటి రక్షణ నౌకాదళము, తీర రక్షక దళము, రాష్ట్ర పోలీసులు, చమురు సంస్థ కలసి చేయవలసినది. దగ్గరకు వచ్చే పడవ వేటకు వచ్చినదా, మరొక పనికి వచ్చినదా అన్నది రేడార్ చుక్కను చూచి చెప్పలేరు. పడవ నమోదు వివరాలు చేతిలో ఉన్నప్పుడే చెప్పగలరు.

తీర నిఘా: గౌతమి ఒడ్డునున్న యానాము పుదుచ్చేరి పాలనలో ఉన్నది. కనుక ఒకే నదీముఖము వద్ద రెండు ప్రభుత్వాల పోలీసులు, కేంద్ర దళాలు సమాచారము పంచుకొనవలసి వస్తుంది. 2019 జనవరి 22-23 తేదీలలో మొదటిసారి జరిగిన సీ విజిల్ అను తీర రక్షణ విన్యాసములో ఆంధ్ర ప్రదేశ్‌తో సహా దేశములోని తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలన్నియు పాల్గొన్నవి. ఇందులో మత్స్యకారులను సముద్రము మీది కన్నులు, చెవులుగా పరిగణిస్తారు. సముద్రములో ఆపద కలిగినప్పుడు తీర రక్షక దళమునకు తెలుపుటకు 1554 అను నంబరు ఉన్నది.

20 మీటర్ల కంటే పొడవైన పడవలకు తమ ఉనికిని తెలిపే ఏఐఎస్ పరికరము తప్పనిసరి. కాని కోనసీమ మత్స్యకారులు వాడే పడవలలో అధికభాగము అంతకంటే చిన్నవి. చిన్న పడవల కొరకు ఇస్రో రూపొందించిన ఉపగ్రహ ట్రాన్స్‌పాండర్లను లక్ష పడవలలో అమర్చే పథకము 2024 ఆగస్టు 30న ప్రారంభమైనది. దీని ద్వారా సెల్‌ఫోన్ సంకేతాలు అందని దూరములో కూడా తుఫాను హెచ్చరిక పడవకు చేరుటకు, ఆపదలోనున్న పడవ తన స్థానమును తెలుపుటకు వీలగును.

తెలుగు రాష్ట్రాలలోని సంస్థలు

* తూర్పు నౌకాదళ కమాండ్, విశాఖపట్నము. జలాశ్వ నౌక ఈ కమాండ్‌కు చెందినది.
* రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధన ప్రయోగశాల, హైదరాబాదు. శత్రు రేడార్లను, సందేశాలను పసిగట్టుట, అడ్డగించుట దీని పరిశోధనాంశాలు.
* భారత్ ఎలక్ట్రానిక్స్, మచిలీపట్నము. రాత్రిపూట చూచుటకు ఉపయోగపడే పరికరాలు ఇక్కడ తయారవుతున్నవి.
* జాతీయ దూరసంవేదన కేంద్రము, హైదరాబాదు. వరదల సమయములో ముంపు పటములను అందజేస్తుంది.
* సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రము, శ్రీహరికోట.
* దామగుండము, వికారాబాదు జిల్లా. నౌకాదళపు రెండవ వీఎల్‌ఎఫ్ రేడియో కేంద్రమునకు ఇక్కడ 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగినది. మొదటిది 1990 నుండి తమిళనాడులోని తిరునెల్వేలి వద్ద ఉన్నది. మామూలు రేడియో తరంగాలు సముద్రపు నీటిలోనికి చొచ్చుకొని పోలేవు. అతి తక్కువ పౌనఃపున్యము గల తరంగాలు కొన్ని మీటర్ల లోతు వరకు పోగలవు. వీటితో జలాంతర్గామికి చిన్న చిన్న సందేశాలు పంపవచ్చును గాని తిరిగి జవాబు పొందుటకు వీలులేదు. అటవీ భూమిలో నిర్మించుట వలన చెట్లకు, మూసీ జన్మస్థానమునకు హాని కలుగునని స్థానికులు, పర్యావరణవాదులు అభ్యంతరము తెలిపినారు.

వచ్చిన మార్పులు

నెట్‌వర్కుల వలన సంయుక్త కార్యకలాపాలలో వచ్చిన మార్పులను ఈ విధముగా చెప్పవచ్చును. మొదటిది, చూచుటకు, చేయుటకు నడుమ కాలవ్యవధి తగ్గినది. రెండవది, చూచేవాడు, కాల్చేవాడు ఒకే దళమునకు చెందినవాడై ఉండనవసరము లేదు. మూడవది, బలగాలను ఒకేచోట గుమికూర్చకుండ దూరదూరముగా ఉంచి కూడా ఒకే లక్ష్యము మీద వాటి బలమును కేంద్రీకరింపవచ్చును. నాలుగవది, సైన్యము, పోలీసులు, వాతావరణ శాఖ, అంతరిక్ష సంస్థల మధ్య నిత్యసంబంధము ఏర్పడినది. ఐదవది, క్రింది స్థాయి అధికారికి కూడా విశాలమైన చిత్రము కనబడుతుంది గనుక అతడు స్వయముగా నిర్ణయము తీసుకొనే అవకాశము పెరిగినది.

ఇబ్బందులు, విమర్శలు

నెట్‌వర్కు మీద ఎంత ఆధారపడితే, అది తెగినప్పుడు అంత నష్టము. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నమును తాకినప్పుడు విద్యుత్తు, టెలిఫోను వ్యవస్థలు కుప్పకూలినవి. సహాయము అవసరమైన వేళనే సమాచారము ఆగిపోయినది. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ యుద్ధము మొదలయ్యే వేళ ఒక ఉపగ్రహ ఇంటర్నెట్ వ్యవస్థ మీద సైబర్ దాడి జరుగగా, యుద్ధముతో సంబంధము లేని జర్మనీలో వేలకొలది గాలిమరల దూరనియంత్రణ కూడా నిలిచిపోయినది. ఇందువలన పాత హెచ్‌ఎఫ్ రేడియో, దీపపు సంకేతాలు, కాగితపు పటముల అభ్యాసమును సైన్యాలు విడిచిపెట్టలేదు.

ప్రసారము చేసే ప్రతి పరికరము తన ఉనికిని తానే చాటుకొంటుంది. అందువలన యుద్ధసమయమున నౌకలు కొన్నిసార్లు పూర్తి రేడియో మౌనము పాటించవలసి వస్తుంది. ఉపగ్రహ స్థాననిర్ణయ సంకేతాలను చెడగొట్టుట, తప్పుడు సంకేతాలను పంపుట కూడా సాధ్యమే.

ప్రతి దళము తన పరికరాలను వేర్వేరు కాలములలో, వేర్వేరు సంస్థల నుండి కొనుట వలన అవి ఒకదానితో ఒకటి మాట్లాడలేకపోవుట మరొక సమస్య. రహస్యము కాపాడుట, సమాచారము పంచుట అన్నవి ఒకదానికొకటి ఎదురుగా నిలిచే అవసరాలు. అందరికీ తెలిపినచో బయటకు పొక్కవచ్చును. ఎవరికీ తెలుపకపోతే ఉపయోగము లేదు. విదేశీ గూఢలిపి పరికరాలపై ఆధారపడుట వలన స్వతంత్రత తగ్గునన్న విమర్శ కామ్‌కాసా ఒప్పంద సమయమున వినవచ్చినది.

సమాచారము అధికమగుట కూడా ఇబ్బందియే. వందలాది చుక్కలలో ముఖ్యమైనది ఏదో గుర్తించుట మనిషి పనిగానే ఉన్నది. అంతా తెర మీద కనబడుచున్నది గనుక దూరమున ఉన్న పై అధికారి క్షేత్రములోనివాని ప్రతి అడుగులో జోక్యము చేసుకొనే ప్రమాదము కూడా కలదు. అప్పుడు నెట్‌వర్కు వలన రావలసిన వేగము రాకపోగా, ఉన్న వేగము కూడా తగ్గును.

చివరి కొస వరకు చేరుట అన్నిటికంటే ముఖ్యమైన సమస్య. ఉపగ్రహము తుఫానును చూచినను, కేంద్రము హెచ్చరిక పంపినను, అది అర్థమయ్యే తెలుగులో, తగినంత ముందుగా, వేటలోనున్న పడవకు చేరనంత వరకు ఆ వ్యవస్థ పూర్తియైనట్లు కాదు. 1996 నాటి అనుభవము ఈ సంగతినే తెలుపుచున్నది.

ఇవి కూడా చూడండి

* కోనసీమ
* తూర్పు నౌకాదళ కమాండ్
* ఐ.ఎన్.ఎస్. జలాశ్వ
* పి.ఎన్.ఎస్. ఘాజీ
* జీశాట్-7
* కాకినాడ
* 2004 హిందూ మహాసముద్ర సునామీ